థెస్సలొనీకి ఎలా చూడాలి: కొండ మీద మొదలుపెట్టి సముద్రం దాకా

గ్రీస్ వెళ్తున్నాం అని మనవాళ్ళెవరైనా చెబితే ప్లాన్ ఏంటో అడగక్కర్లేదు. ఏథెన్స్‌లో రెండు రోజులు, సాంటోరినిలో మూడు రోజులు, తెల్లటి ఇళ్ళ ముందు ఫొటోలు, తిరుగు విమానం. తప్పేం లేదు, అవీ చూడాల్సినవే. కానీ ఏథెన్స్‌కి ఉత్తరాన, రోడ్డు మీద దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో థెస్సలొనీకి అనే రేవుపట్నం ఉంది. నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. ఓడరేవు ఉన్న ఊరంటే నాకు చిన్నప్పట్నుంచీ మమకారం. అలాంటి ఊరికి వచ్చిపోయేవాళ్ళు ఎక్కువ, భాషలు ఎక్కువ, కథలు ఎక్కువ. ఆ లెక్కన చూస్తే ఈ ఒక్క ఊరి కోసమే గ్రీస్ వెళ్ళొచ్చు అంటాను.

చర్చికి వెళ్ళే తెలుగువాళ్ళకి ఈ పేరు ముందే తెలుసు. తెలుగు బైబిల్లో 'థెస్సలొనీకయులకు' అని రెండు పత్రికలున్నాయి కదా, అవి ఈ ఊరివాళ్ళకి పౌలు పేరుతో ఉన్న ఉత్తరాలే. మొదటిది క్రీ.శ. 50 ప్రాంతంలో రాసింది. క్రొత్త నిబంధనలో అన్నిటికంటే ముందు రాసినది అదేనని చాలామంది పండితులు అంటారు. ఊరు అంతకంటే పాతది. క్రీ.పూ. 315లో మాసిడోనియాని ఏలిన కసాండర్ దీన్ని కట్టించి, తన భార్య పేరు పెట్టాడు. ఆవిడ అలెగ్జాండర్‌కి సవతి చెల్లెలు. ఆ తర్వాత రోమన్లు, బైజాంటైన్లు అనే తూర్పు రోమన్లు, 1430 నుంచి ఒట్టోమన్ తుర్కులు, 1912 నుంచి గ్రీసు దేశం. తుర్కులు సెలానిక్ అన్నారు, యూదులు సలోనికా అన్నారు, స్లావులు ఇప్పటికీ సొలున్ అంటారు. ఇన్ని పేర్లున్న ఊరిని ఒక్క పూటలో చుట్టేయలేం. కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. నాలుగైతే ఇంకా మంచిది.

ముందు నెల చూసుకోండి

ఏప్రిల్, మే నెలలు, లేదా సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ దాకా. ఈ రెండు సీజన్లలో నడక సుఖంగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ఎండ మనం తట్టుకోలేనిదేం కాదు, కానీ ఊళ్ళోవాళ్ళే చాలామంది పక్కనున్న హల్కిదికి బీచ్‌లకి వెళ్ళిపోతారు, దుకాణాలు కొన్ని మూసి ఉంటాయి. చలికాలంలో వర్దారిస్ అనే గాలి వీస్తుంది. వాయవ్యం వైపున్న నదీలోయ గుండా నేరుగా దిగి సముద్రం మీదకి కొడుతుంది. మామూలు స్వెటర్ దానికి ఆగదు. అయితే ఆ గాలి వీచిన మర్నాడు ఆకాశం కడిగినట్టుంటుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

సెప్టెంబర్ మొదట్లో మాత్రం జాగ్రత్త. 1926 నుంచి నడుస్తున్న అంతర్జాతీయ ట్రేడ్ ఫెయిర్ అప్పుడే జరుగుతుంది, హోటల్ రేట్లు ఒక్కసారిగా పెరిగిపోతాయి. నన్నడిగితే అక్టోబర్ 26 కలిసేలా వెళ్ళండి. ఆ రోజు ఊరి రక్షకుడు సెయింట్ డిమిత్రియస్ పండుగ. 1912లో తుర్కులు ఊరిని గ్రీకు సైన్యానికి అప్పగించింది కూడా పాత క్యాలెండర్ ప్రకారం అదే రోజు. రెండు రోజులు ఆగితే అక్టోబర్ 28 జాతీయ సెలవు, ఆ రోజు ఇక్కడ పెద్ద సైనిక కవాతు జరుగుతుంది.

వీసా, ప్రయాణం

గ్రీస్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. పెద్దవాళ్ళకి వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీస్ చార్జి వేరే. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. రెండు మూడు దేశాలు తిరిగేటట్టయితే ఎక్కువ రోజులు ఉండే దేశానికే అప్లై చేయాలి. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద టెన్షన్, కాబట్టి రెండు మూడు నెలల ముందే కూర్చోండి.

హైదరాబాద్ నుంచైనా విశాఖ నుంచైనా దారిలో విమానం మారాలి. ఏథెన్స్‌లో దిగితే అక్కడినుంచి చిన్న విమానం ఉంది, లేదా రైలు. రైల్లో దాదాపు అయిదు గంటలు పడుతుంది, కొండల మధ్య దారి బావుంటుంది. తొందర లేకపోతే రైలే ఎక్కండి. థెస్సలొనీకిలోని మాసిడోనియా ఎయిర్‌పోర్టులో నేరుగా దిగితే ఊళ్ళోకి 01ఎక్స్ బస్సు ఉంటుంది. ట్యాక్సీ కోసం వెతుక్కోనవసరం లేదు.

ఎక్కడ దిగాలి? ఎగ్నాతియా రోడ్డుకీ సముద్రానికీ మధ్యలో. రైల్వే స్టేషన్ పక్కన గది చవగ్గా దొరుకుతుంది, కానీ రాత్రిపూట ఆ ప్రాంతం బోసిగా ఉంటుంది. కుటుంబంతో వెళ్తే వద్దనే చెబుతాను.

ఊరి నక్ష ఒక్క నిమిషంలో

సముద్రం ఒడ్డున నిలబడి కొండ వైపు తిరగండి. పెద్ద రోడ్లన్నీ మెట్లలాగా ఒకదాని పైన ఒకటి, సముద్రానికి సమాంతరంగా ఉంటాయి. అన్నిటికంటే కింద నికిస్, తర్వాత మిత్రొపోలెయోస్, తర్వాత బట్టల షాపుల సిమిస్కి, దానిపైన ఎగ్నాతియా, ఇంకా పైన అగీయు దిమిత్రియు, ఆపైన పాత ఊరు. దారి తప్పితే ఫోన్ తీయక్కర్లేదు. పల్లం వైపు నడుస్తూ ఉండండి, ఎక్కడో ఒకచోట సముద్రం తగులుతుంది.

ఇలా తిన్నగా ఉండటానికి వెనక ఒక విషాదం ఉంది. 1917 ఆగస్టులో ఒక ఇంటి వంటగదిలో మొదలైన మంట గాలికి ఎగసి ఊరి నడిబొడ్డుని బూడిద చేసింది. దాదాపు 70 వేలమందికి ఇల్లు లేకుండా పోయింది. ఆ తర్వాత ఎర్నెస్ట్ ఎబ్రార్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్ట్ ఆధ్వర్యంలో కొత్త ప్లాన్ గీశారు. సముద్రం వైపు తెరుచుకున్న అరిస్తొతెలుస్ చౌక్ అప్పుడు వచ్చిందే. మంట పైకి పాకలేదు కాబట్టి కొండ మీది పాత ఊరు మిగిలింది. మన నడక అక్కడే మొదలవుతుంది.

మొదటి రోజు: పైనుంచి కిందికి

టూరిస్టులు సాధారణంగా సముద్రం ఒడ్డున ఉన్న వైట్ టవర్ దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కుతారు, సగం దారిలోనే అలిసిపోతారు. మీరు తిరగేసి చేయండి. పొద్దున్నే ట్యాక్సీలోనో 23 నంబరు బస్సులోనో అనో పోలికి వెళ్ళిపోండి. అనో పోలి అంటే పై ఊరు. త్రిగోనియో బురుజు దగ్గర దిగితే కోటగోడ మీంచి ఊరంతా, దాని వెనక థెర్మైక్ సింధుశాఖ, రేవులో ఆగిన ఓడలు కనిపిస్తాయి. చూసేసి వెంటనే కదలొద్దు. ఈ రోజంతా మీరు దిగబోయే దారి అదే, ఇక్కడినుంచే ఒకసారి గుర్తుపెట్టుకోండి.

కొంచెం పైన ఎప్తాపీర్యో ఉంది. ఏడు బురుజులు అని అర్థం. కోటగా కట్టినదాన్ని జైలుగా మార్చి 1989 దాకా వాడారు. గదులు చూస్తే గుండె బరువెక్కుతుంది. అక్కడినుంచి దిగుతూ వ్లతాదోన్ మఠంలోకి వెళ్ళండి. పద్నాలుగో శతాబ్దపు మఠం, ఇప్పటికీ సన్యాసులున్నారు. ఆవరణలో నెమళ్ళు తిరుగుతుంటాయి. మన జాతీయపక్షి అంత దూరంలో ఒక చెట్టు కింద నింపాదిగా నడుస్తుంటే నేను కాసేపు మిగతావన్నీ మర్చిపోయి దాన్నే చూస్తూ ఉండిపోయాను.

తర్వాత సందులు. చెక్కతో ముందుకు పొడుచుకొచ్చిన మేడలు, పూలకుండీలు, మెట్లు. ఈ సందుల్లో వెతికి మరీ చూడాల్సినది ఒసియోస్ దావీద్ అనే చిన్న గుడి. బయటినుంచి చూస్తే మామూలు ఇల్లు అనుకుని దాటేస్తారు. లోపల గోడ మీద గడ్డం లేని యువకుడైన క్రీస్తు మొజాయిక్ ఉంది, సుమారు 1500 ఏళ్ళ నాటిది. గుడి మసీదుగా ఉన్న కాలంలో గచ్చు కింద దాగిపోయి, 1921లో బయటపడింది. గాజు ముక్కల రంగులు ఇప్పటికీ పచ్చిగా ఉన్నట్టే ఉంటాయి. లోపల పదిమంది కూడా పట్టరు. రద్దీ ఉంటే బయట ఆగండి. మీ వంతు వచ్చాక తొందరపడొద్దు.

ఇంకా దిగితే సెయింట్ డిమిత్రియస్ బసిలికా. ఊరికి ఇదే గుండెకాయ. రోమన్ల స్నానఘట్టం ఉన్నచోట, క్రైస్తవుడైనందుకు ఆయన్ని చంపారని నమ్మకం. నేలమాళిగలోకి దిగితే ఆ స్నానశాల రాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. 1917 మంటలో గుడి చాలావరకు కాలిపోయింది. తిరిగి కట్టడం పూర్తయ్యేసరికి 1949 వచ్చింది. స్తంభాల మీద మంట తగిలిన మచ్చలు వెతకండి. కాలకుండా మిగిలిన ఏడో శతాబ్దపు మొజాయిక్‌లు కూడా ఉన్నాయి. సింహాచలం చుట్టుపక్కల ఊళ్ళలో అప్పన్న, అప్పలరాజు, అప్పలనర్సమ్మ పేర్లు ఇంటికొకటి ఎలా ఉంటాయో, ఇక్కడ దిమిత్రిస్, దిమిత్రా పేర్లు అలా ఉంటాయి. నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ కొవ్వొత్తి వెలిగించి, ఇసుకలో గుచ్చి, వెండి మందసాన్ని ముద్దుపెట్టుకుని, చేతిలోని కూరగాయల సంచి సర్దుకుని బజారుకి వెళ్ళిపోయింది. ఆ సంచీలో ఉల్లికాడలు బయటికి కనిపిస్తున్నాయి. పొద్దున్నే పైడితల్లి గుడి ముందు ఆగి దణ్ణం పెట్టుకుని రైతుబజారుకి వెళ్ళే మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

గుళ్ళోకి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పక్కర్లేదు, కానీ భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. ఫ్లాష్ వాడొద్దు. పూజ జరుగుతుంటే ఫోన్ జేబులోనే ఉంచండి. కొవ్వొత్తి పెట్టదలిస్తే పెట్టెలో నాణెం వేసి తీసుకోండి, మీది ఏ మతమైనా ఎవరూ ఏమీ అనరు.

ఈ ఊళ్ళోని ప్రాచీన క్రైస్తవ, బైజాంటైన్ కట్టడాలు పదిహేనింటిని కలిపి 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అన్నీ చూడాలని పరుగులు పెట్టకండి. దావీద్, డిమిత్రియస్, రొటొండా, అగియా సోఫియా, ఈ నాలుగూ బాగా చూస్తే చాలు. రొటొండా నాలుగో శతాబ్దం మొదట్లో రోమన్ చక్రవర్తి గలేరియస్ కట్టించిన గుండ్రటి కట్టడం. గుడి అయింది, 1591 నుంచి మసీదు అయింది, ఇప్పుడు మ్యూజియంలాంటి స్మారకం. పక్కన మినార్ ఇంకా నిలబడే ఉంది. ఊళ్ళో మిగతా మినార్లు కూల్చేశారు, ఇది మిగిలింది. లోపల మధ్యలో నిలబడి తల పైకెత్తి బంగారు మొజాయిక్‌లు చూడండి, మెడ నొప్పి పుట్టినా సరే. దగ్గర్లోనే గలేరియస్ తోరణం. పర్షియన్ల మీద గెలిచిన గుర్తుగా కట్టించుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు దాన్ని కమారా అంటారు. కుర్రకారు కలుసుకునేది ఎప్పుడూ అక్కడే, 'కమారా దగ్గర ఉండు' అంటే చాలు.

మెట్రో టికెట్ కొని ఒక్క స్టేషన్ అయినా చూడండి

నడక అలిసిపోతే మెట్రో ఎక్కండి. 2024 నవంబర్ 30న 13 స్టేషన్లతో మొదలైంది, డ్రైవర్ లేని రైళ్ళు, అప్పట్లో టికెట్ 60 సెంట్లు. పని మొదలైంది 2006లో. అన్నేళ్ళు ఎందుకు పట్టిందంటే తవ్విన ప్రతిచోటా పాత ఊరు బయటపడింది. వెనిజెలు స్టేషన్ దగ్గర బైజాంటైన్ కాలపు పాలరాతి రోడ్డు, కూడలి, దుకాణాల వరుస దొరికాయి. వాటిని తీసేయాలా, అలాగే ఉంచి స్టేషన్ కట్టాలా అని ఏళ్ళ తరబడి గొడవ, కోర్టులు. చివరికి విడదీసి, స్టేషన్ కట్టాక తిరిగి అమర్చారు. రైలెక్కకపోయినా ఆ స్టేషన్‌లోకి దిగి చూడండి. 1500 ఏళ్ళ క్రితం బండ్లు తిరిగిన రోడ్డు ఒక పక్క, ఆఫీసుకి పరిగెత్తే జనం ఇంకో పక్క.

రెండో రోజు: లేని మనుషుల ఊరు

ఇది ఎవరూ టూర్ ప్యాకేజీలో పెట్టరు. నేను మాత్రం దీనికోసం ఒక పూర్తి పూట ఉంచమని బతిమాలుకుంటాను.

1492లో స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టిన యూదులు వేలమంది ఈ రేవుకి వచ్చి స్థిరపడ్డారు. స్పానిష్‌కి దగ్గరగా ఉండే లదీనో భాష మాట్లాడేవాళ్ళు. నాలుగు శతాబ్దాల పాటు రేవులో కూలీల నుంచి బ్యాంకుల యజమానుల దాకా వాళ్ళే ఎక్కువ. శనివారం వాళ్ళకి విశ్రాంతి రోజు కాబట్టి ఆ రోజు రేవు మొత్తం మూతపడేది. ఊరికి 'ఇజ్రాయెల్ తల్లి' అని పేరు. రెండో ప్రపంచయుద్ధం నాటికి దాదాపు 50 వేలమంది ఉండేవాళ్ళు.

జర్మన్లు ఊరిని ఆక్రమించాక, 1942 జులై 11న యూదు మగవాళ్ళని వేలమందిని ఎలెఫ్తెరియాస్ చౌక్‌లో ఎర్రటి ఎండలో నిలబెట్టి గంటల తరబడి అవమానించారు. ఎలెఫ్తెరియా అంటే స్వేచ్ఛ. అదే ఏడాది డిసెంబర్‌లో వాళ్ళ పాత శ్మశానాన్ని ధ్వంసం చేశారు. 1943 మార్చి 15న నాజీల మరణశిబిరం ఆష్‌విట్జ్‌కి మొదటి రైలు బయల్దేరింది. ఆగస్టు నాటికి ఊళ్ళో యూదులు దాదాపు లేరు. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చింది చాలా కొద్దిమంది.

ఇలా చూడండి. ముందు అగీయు మినా వీధిలోని యూదు మ్యూజియంకి వెళ్ళండి. నేల అంతస్తులో ధ్వంసమైన శ్మశానం నుంచి దొరికిన సమాధి రాళ్ళున్నాయి. అక్కడినుంచి ఎలెఫ్తెరియాస్ చౌక్‌కి నడవండి, అయిదారు నిమిషాలే. అక్కడ స్మారకం ఉంది: మంటల ఆకారంలో మెలితిరిగిన మనుషుల శరీరాలు. దగ్గరికి వెళ్ళేదాకా అవి శరీరాలని తెలియదు. తర్వాత అరిస్టాటిల్ యూనివర్సిటీ వైపు వెళ్ళండి. ఆ క్యాంపస్ ఉన్నది ఒకప్పటి శ్మశానం మీదే. అక్కడ స్మారకం పెట్టింది 2014లో. విద్యార్థులు నవ్వుకుంటూ పోతుంటారు, వాళ్ళని తప్పుపట్టలేం. కానీ మీ కాళ్ళ కింద ఏముందో మీకు తెలియాలి.

ఇంకో వలస కూడా ఉంది. 1923లో గ్రీస్, టర్కీ ప్రజల మార్పిడికి ఒప్పుకున్నాయి. ఇక్కడి ముస్లింలు ఇల్లూ వాకిలీ వదిలి టర్కీ వెళ్ళారు, అక్కడి గ్రీకు క్రైస్తవులు లక్షల్లో ఇటు వచ్చారు. అంతకుముందే, 1881లో, ఈ ఊళ్ళోనే పుట్టినవాడు ఆధునిక టర్కీని స్థాపించిన ముస్తఫా కెమాల్ అతాతుర్క్. ఆ ఇల్లు టర్కీ కాన్సులేట్ ఆవరణలో మ్యూజియంగా ఉంది. ఇవన్నీ తెలిశాక ఊళ్ళో వంట ఎందుకంత బాగుంటుందో అర్థమవుతుంది. వచ్చినవాళ్ళంతా తమ వంటిల్లు వెంట తెచ్చుకున్నారు.

మన సైనికుల జాడ కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో సలోనికా ఫ్రంట్‌లో బ్రిటిష్ సైన్యంతో పాటు భారతీయులూ ఉన్నారు. మొనాస్టిర్ రోడ్‌లో వాళ్ళకి విడిగా ఒక శ్మశానవాటిక, దహనం చేసినవాళ్ళకి స్మారకం ఉన్నాయి. మనవాళ్ళు అక్కడికి వెళ్ళడం అరుదు. వీలైతే నాలుగు పూలు తీసుకెళ్ళండి.

ఏం తినాలి, ఎలా అడగాలి

పొద్దున్న బుగాత్సా. పల్చటి పిండిరేకుల మధ్య క్రీము గానీ చీజ్ గానీ కీమా గానీ పెట్టి కాలుస్తారు. ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి వచ్చిన శరణార్థులతో ఊరంతా పాకింది. కూర్చుని తినే ముందు కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. పెద్ద పళ్ళెం పొయ్యిలోంచి తీసి, బరువైన వెడల్పాటి కత్తితో టకటకా ముక్కలు కొడతాడు. రేకులు విరిగే చప్పుడు కర్రకర్రమని వినిపిస్తుంది. క్రీముదైతే మీద పంచదార పొడి, దాల్చినచెక్క పొడి చల్లి కాగితంలో పెట్టి ఇస్తాడు. చల్లారనివ్వకండి. పదినిమిషాలు ఆగితే రుచి సగం పోతుంది. నడుస్తూ తినాలంటే నువ్వులు అద్దిన కులూరి ఉంది, వీధి మూలల్లో బండ్ల మీద అమ్ముతారు.

శాకాహారులకి ఒక్క మాట నేర్పుతాను, ట్రిప్ మొత్తం నడిచిపోతుంది: నిస్తీసిమో. అంటే ఉపవాసపు తిండి. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస దినాల్లో మాంసం, గుడ్లు, పాలు మానేస్తారు. అందుకని ప్రతి హోటల్‌కీ ఈ మాట తెలుసు. ఒక్క జాగ్రత్త: రొయ్యలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్ ఉపవాసంలో తినొచ్చని వాళ్ళ లెక్క. కాబట్టి 'సముద్రపువి కూడా వద్దు' అని విడిగా చెప్పండి. పెద్ద చిక్కుడుగింజలతో చేసే గిగాంతెస్, అన్నం కూరిన టమాటాలు గెమిస్తా, శనగల పులుసులాంటి రెవిథియా, పాలకూర పై స్పనకోపిటా (దీన్లో చీజ్ ఉంటుంది), ఇవన్నీ మనకి బాగా పడతాయి. గెమిస్తా కొన్నిచోట్ల కీమాతో చేస్తారు, అడిగి తీసుకోండి. వేసవిలో 'వ్లీతా ఉందా' అని అడగండి. అది తోటకూరే! ఉడకబెట్టి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి పెడతారు. పోపు లేని తోటకూర మొదట చప్పగా అనిపిస్తుంది, రెండో రోజుకి ఇష్టమవుతుంది. కారం కావాలంటే 'బుకోవో' అడగండి, గింజలతో సహా నలగ్గొట్టిన ఎండుమిరప. గ్రీస్‌లో మిగతాచోట్ల కంటే ఇక్కడివాళ్ళు కారం ఎక్కువే తింటారు.

మాంసం తినేవాళ్ళు జీలకర్ర వేసిన సుజుకాకియా కట్లెట్లు, ఆల్చిప్పల పలావు మిదోపిలాఫో వదలొద్దు. గీరోస్ సాధారణంగా పంది మాంసంతోనే చేస్తారు, తిననివాళ్ళు కోడి అడగాలి. స్వీటు అంటే త్రీగోనా, క్రీము నింపిన త్రికోణం. 2021లో యునెస్కో ఈ ఊరిని 'గాస్ట్రానమీ నగరం'గా గుర్తించింది. గ్రీస్‌లో ఆ గుర్తింపు మొదట దక్కింది దీనికే.

పదార్థాలన్నీ కళ్ళారా చూడాలంటే కపాని బజారుకి వెళ్ళండి, ఆదివారం కాకుండా. ఆలివ్ పీపాలు, చేపలు, మసాలాలు, వరసలు వరసలుగా. పక్కనే 2022లో తిరిగి తెరిచిన మొదియానో మార్కెట్ ఉంది, అందంగా సర్దారు, కానీ నా ఓటు కపానికే.

కాఫీ గురించి చెప్పకపోతే ఈ ఊరివాళ్ళు ఊరుకోరు. చల్లటి నురుగు కాఫీ ఫ్రాపే 1957లో ఇక్కడి ట్రేడ్ ఫెయిర్‌లోనే పుట్టింది, వేడినీళ్ళు దొరక్క ఒక కంపెనీ ఉద్యోగి ఇన్‌స్టంట్ కాఫీని చల్లటి నీళ్ళతో గిలక్కొట్టాడు. గ్రీకు కాఫీ అడిగేటప్పుడే పంచదార సంగతి చెప్పాలి, కలిపే కాస్తారు: స్కేతో అంటే లేకుండా, మేత్రియో అంటే మధ్యరకం, గ్లికో అంటే తియ్యగా. అడుగున మడ్డి ఉంటుంది, చివరి గుక్క తాగొద్దు. ఒక్క కప్పుతో రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. మంచినీళ్ళు అడక్కుండానే పెడతారు, కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు. రాత్రి భోజనం మాత్రం తొమ్మిది దాటాకే మొదలవుతుంది, ఏడింటికి వెళ్తే ఖాళీ కుర్చీలే.

పొరపాటు పడే చోట్లు

'నే' అంటే అవును. మనకి 'నో' లాగా వినిపిస్తుంది. 'ఓహి' అంటే కాదు. తల పైకి ఎగరేసి నాలుకతో 'చ్' అన్నా కాదనే. మొదటి రోజు ఇవి తారుమారవుతాయి, అందుకని నోటితో చెప్పించుకోండి.

అరచేయి అయిదువేళ్ళూ చాచి ఎదుటివాళ్ళ ముఖం వైపు చూపించకండి. మనం 'అయిదు కావాలి' అనో 'ఆగండి' అనో మామూలుగా చేసే సైగ అక్కడ పెద్ద తిట్టు, దాన్ని మూజా అంటారు. నేను బేకరీలో కులూరిలు అయిదు కావాలని అలాగే చెయ్యి చూపించాను. కౌంటర్‌లో ఉన్నాయన ముఖం ఒక్క క్షణం మారింది, తర్వాత నవ్వి నా అరచేతిని మెల్లగా నా వైపుకి తిప్పాడు. అలా తిప్పి చూపిస్తే ఇబ్బంది లేదు.

చాలా పాత భవనాల్లో టాయిలెట్ పేపర్ కమోడ్‌లో వేయకూడదు, పక్కన బుట్ట ఉంటుంది. ఆదివారం చాలా దుకాణాలు మూత. రవాణా సమ్మెలు అప్పుడప్పుడు ఉంటాయి, తిరుగు ప్రయాణం రోజు మాత్రం ముందురోజే కనుక్కోండి.

'ఎఫ్హరిస్తో' అంటే థాంక్స్, 'కలిమేరా' అంటే శుభోదయం. ఈ రెండూ సరిగ్గా పలికితే ముఖాలు విచ్చుకుంటాయి. 'హలరా' అనే మాట కూడా వింటారు, నింపాదిగా అని. ఈ ఊరి స్వభావం అదేనని ఏథెన్స్‌వాళ్ళు అంటారు, వీళ్ళు గర్వంగా ఒప్పుకుంటారు.

మూడో రోజు: ఫిలిప్ సమాధి లేదా మ్యూజియం

ఎండ లేకపోతే ఊరి బయట దూరంగా ఉన్న వెర్యీనా అనే చిన్న ఊరికి వెళ్ళండి, పూట పడుతుంది. 1977లో మనోలిస్ ఆంద్రోనికోస్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ మట్టిదిబ్బ కింద దోపిడీ కాని రాజసమాధిని తవ్వి తీశాడు. అది అలెగ్జాండర్ తండ్రి రెండో ఫిలిప్‌దేనని ఆయన తేల్చాడు. దిబ్బ లోపలే మ్యూజియం, చీకట్లో బంగారు పెట్టె, ఓక్ ఆకుల బంగారు కిరీటం మెరుస్తుంటాయి. వెళ్ళలేకపోతే ఊళ్ళోని ఆర్కియలాజికల్ మ్యూజియంలో దెర్వేనీ సమాధుల్లో దొరికిన పెద్ద కంచు కలశం, సగం కాలిన పాపిరస్ చూడండి. యూరప్‌లో మనం చదవగలిగిన పుస్తకాల్లో అన్నిటికంటే పాతది ఆ పాపిరస్. చితిలో కాలి బొగ్గు కావడం వల్లే కుళ్ళకుండా మిగిలింది.

సాయంత్రం సముద్రం ఒడ్డున

రోజూ సాయంత్రం రేవు నుంచి వైట్ టవర్ మీదుగా నెయా పరాలియా అనే సముద్రపుటొడ్డు దారి వెంట నడవండి. ఊరంతా అక్కడే ఉంటుంది: ముసలి దంపతులు, స్కూలు పిల్లలు, చేపలు పట్టేవాళ్ళు. టవర్ ఒట్టోమన్ల కాలంలో జైలు, రక్తపు బురుజు అనేవాళ్ళు. తర్వాత సున్నం వేసి పేరు మార్చారు. ఇప్పుడు సున్నం వెలిసిపోయి లేత గోధుమరంగులో ఉంది, పేరు మాత్రం తెల్ల బురుజే. లోపల ఊరి చరిత్ర మ్యూజియం ఉంది, పైకి ఎక్కొచ్చు.

ఇంకాస్త ముందుకి గాలిలో తేలుతున్నట్టు గొడుగుల శిల్పం, జార్జ్ జొంగొలొపులోస్ చేసినది. సూర్యుడు దిగే వేళకి అక్కడ ఉండండి. వర్దారిస్ గాలి వీచిన మర్నాడైతే నీళ్ళకి అవతల ఒలింపస్ పర్వతం మంచుతో సహా కనిపిస్తుంది. మబ్బుగా ఉన్న రోజు అక్కడ కొండ ఉందని కూడా తెలియదు. అందుకే ఒక్క సాయంత్రంతో సరిపెట్టుకోకండి, రోజూ వెళ్ళండి.

బయల్దేరే రోజు త్రీగోనా కొనొద్దు, క్రీము విమానంలో పాడైపోతుంది. త్సురేకి అనే తీపి రొట్టె రెండు మూడు రోజులు నిలుస్తుంది. బుకోవో ఒక చిన్న పొట్లం తీసుకోండి, ఇంట్లో పెరుగన్నం మీద చల్లుకోవచ్చు. 01ఎక్స్ బస్సుకి ముప్పావు గంట ముందే స్టాపుకి వెళ్ళండి, దారిలో మూల మీద కులూరి బండి కనిపిస్తే ఒకటి ఎక్కువ కొనుక్కోండి.